మూడు సీసాల ట్యాంకు కిట్: రెండు వాడండి, మూడోదాని మూత తీసేముందు ఆలోచించండి

పాత బండి పెట్రోల్ ట్యాంకు బాగుచేసుకునే కిట్లు ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో దొరుకుతాయి. లేబుల్ ఏదైనా లోపలి సరుకు దాదాపు ఒకటే. మొదటి సీసాలో జిడ్డు కడిగే ద్రవం, రెండోదాంట్లో తుప్పు తినే ఫాస్ఫారిక్ ఆసిడ్, మూడోది లోపల పూత వేసే ఎపాక్సీ లైనర్. ఈ రివ్యూ ఒక కంపెనీ గురించి కాదు, ఆ తరహా కిట్టు గురించి. కొలతలన్నీ పాత ఐరన్ ఇంజను బుల్లెట్ 350 ట్యాంకుకి, అంటే 14.5 లీటర్లకి చెప్పినవి. యెజ్డీ, రాజ్‌దూత్ ట్యాంకులకి లీటర్ల లెక్కన మార్చుకోవచ్చు.

ముందే చెప్పేస్తే: మొదటి రెండు సీసాలూ పనిచేస్తాయి, ఆ రెంటికీ చవకైన బదులు సరుకు మన బజార్లోనే ఉంది. కిట్టు అమ్ముడుపోయేది మాత్రం మూడో సీసా పేరు మీద. రేకు గట్టిగా ఉన్న ట్యాంకుకి అది అక్కర్లేదు. అక్కర్లేని చోట పోస్తే రెండేళ్లకో మూడేళ్లకో పొరలుగా ఊడి, తుప్పుకంటే పెద్ద తలనొప్పి అవుతుంది.

విశాఖలో ట్యాంకు ఎలా పాడవుతుందో తెలిస్తే ఏది ఎందుకు వాడాలో తేలిపోతుంది. హుద్‌హుద్ నాటి నుంచి సెల్లారులో కవరు కప్పుకుని, సైడ్ స్టాండ్ మీద ఎడమకి ఒరిగి ఉన్న బండిని ఊహించుకోండి. పెట్రోలు తేలిక, నీళ్లు బరువు. ఆ నీళ్లు ఎడమ డొక్క అడుగున, రెండు రేకులు కలిసే అతుకు మీదకి దిగి కూర్చుంటాయి. పైభాగం కథ వేరు. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడెక్కి గాలిని బయటికి వదులుతుంది, రాత్రి చల్లబడి మూత రంధ్రంలోంచి సముద్రపు తేమని లోపలికి పీలుస్తుంది. అందుకే పైకప్పుకి సన్నటి గోధుమ పొడి, అడుగున వేలితో తీస్తే వచ్చే నల్ల పెచ్చులు. పొడికి ఆసిడ్ ఒక్కటీ చాలు, పెచ్చులకి చాలదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమని పట్టుకుంటుంది, మోతాదు మించితే నీళ్లతో కలిసి విడిపోయి అడుక్కి దిగుతుంది. బండి నెలల తరబడి కదలకపోతే ట్యాంకుని సగం పెట్రోలుతో వదిలెయ్యడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

కిట్టుకి ఆర్డరు పెట్టేముందు ట్యాంకు లోపల చూడాలి. ఫోనుకి తగిలించుకునే సన్న కెమెరా ఉంటే మేలు. లేకపోతే తీగకి కట్టిన చిన్న ఎల్‌ఈడీ బల్బు, పళ్ల డాక్టరు వాడేలాంటి చిన్న అద్దం. పెట్రోలు పూర్తిగా ఒంపేసి, నీళ్లతో కడిగాకే బల్బు లోపలికి వెళ్లాలి. బయట వైపు అడుగంతా అయస్కాంతం జరపండి. అది పట్టకుండా జారిపోయిన చోట రంగు కింద లప్పం ఉన్నట్టు. లప్పం అడుగున ఏముందో చెప్పనక్కర్లేదు. తర్వాత స్క్రూడ్రైవరు మొనతో అతుకు పొడవునా కాస్త గట్టిగా నొక్కుతూ పోండి. రేకు లోపలికి పోతే ఇక అది సీసాలతో తేలే పని కాదు.

సూదిబెజ్జాలు తెలియాలంటే రంధ్రాలన్నీ రబ్బరు బిరడాలతో బిగించి, సైకిల్ పంపుతో రెండు మూడు పీఎస్‌ఐ గాలి ఎక్కించి, బయట సబ్బు నురగ రాస్తే చాలు. బుడగ వచ్చిన చోటల్లా చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. పంక్చరు షాపు కంప్రెసర్ దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. ట్యాంకు రేకు ఆ ఒత్తిడికి పూరీలా ఉబ్బుతుంది, మళ్లీ మునుపటి రూపానికి రాదు.

మొదటి సీసా సంగతి రెండు ముక్కల్లో. పాత పెట్రోలు ఆరిపోయి బెల్లం పాకంలా గోడలకి అంటుకుని ఉంటుంది. దాన్ని తియ్యకుండా ఆసిడ్ పోస్తే ఆసిడ్ తుప్పుని చేరనే చేరదు. ఇందుకు కిట్టు ద్రవం బాగుంది, బట్టల సోడా కూడా అంతే బాగుంది. 5 లీటర్ల వేడి నీళ్లకి 100 గ్రాముల సోడా, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్. చెయ్యి పెట్టలేనంత వేడిలో పోసి, అరగంట ఆడించి, ఒంపి, మళ్లీ పొయ్యండి. కడిగిన నీళ్లు గోడ మీద చుక్కలుగా విడిపోకుండా పలచటి పొరలా పారితే జిడ్డు పోయినట్టు. ఈ ఒక్క సీసా కోసమైతే కిట్టు కొనక్కర్లేదు.

రెండో సీసాకి ముందు, పెచ్చులున్న ట్యాంకుకి కిట్టు పుస్తకంలో లేని పని ఒకటుంది. ముందు పెచ్చుల్ని రాల్చాలి. కొందరు గులకరాళ్లు వేస్తారు. అవి పగిలి, ముక్కలు పెట్రోలు ట్యాప్ బిగించే రంధ్రం దగ్గర ఇరుక్కుంటాయి. పాత మోపెడ్ చైను ముక్కకి గట్టి తీగ కట్టి, తీగ కొస బయటే ఉంచి లోపలికి వదలండి, తర్వాత లాగితే వచ్చేస్తుంది. దానికి తోడు 6 ఎంఎం ఇనప నట్లు అరవై. ఇత్తడివి వద్దు, అయస్కాంతానికి రావు. లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తియ్యండి. అరవై వేస్తే యాభై తొమ్మిది వచ్చాయంటే ఆ ఒక్కటీ దొరికేదాకా పని ఆపాల్సిందే. ట్యాంకుకి పాత బొంత చుట్టి, నాలుగైదు లీటర్ల సోడా నీళ్లతో కలిపి ప్రతి వైపూ పది నిమిషాలు ఊపండి. ఫ్రేము గొట్టం మీద కూర్చునే సొరంగం వల్ల బుల్లెట్ ట్యాంకుకి కింద రెండు డొక్కలుంటాయి. ఒక డొక్కలో పడ్డ నట్లు రెండోదాంట్లోకి వాటంతట అవి పోవు, తిరగేసి పంపాలి.

ఇప్పుడు ఆసిడ్. ఫాస్ఫారిక్ ఆసిడ్ తుప్పుని కరిగిస్తుంది, శుభ్రమైన ఇనుము మీద సన్నటి బూడిదరంగు ఫాస్ఫేట్ పొర కడుతుంది. అదే దాని గొప్పతనం. ఆ పొర కొన్ని గంటలపాటు కొత్త తుప్పుని ఆపుతుంది. కానీ కిట్టుతో వచ్చేది సాధారణంగా లీటరు. 14.5 లీటర్ల ట్యాంకులో లీటరు ద్రవం అడుగున ఒక మూల తడుపుతుంది, అంతే. అందుకని పావుగంటకోసారి ట్యాంకుని తిప్పి పెట్టాలి: ఎడమ, కుడి, ముందు, వెనక, తలకిందులు, మామూలుగా. ఆరు వైపులకి గంటన్నర, అలా రెండు చుట్లు. మూడు నాలుగు గంటలు దాటించొద్దు. పుస్తకంలో రాసిన వేళలు చల్లటి దేశాలకి లెక్క కట్టినవి. మన మే నెలలో అదే ద్రవం తొందరగా పనిచేస్తుంది, అంతకంటే తొందరగా ఆరిపోతుంది. గోడ మీద ఆరితే తెల్లటి జిగురు పొక్కు మిగులుతుంది, నీళ్లకి పోదు. మళ్లీ అదే ఆసిడ్‌తో తడిపి వెంటనే కడిగితేనే పోతుంది. మూతలు బిగించి, గోడలు ఎప్పుడూ తడిగా ఉండేలా చూసుకోవడమే దీనికి మందు.

బదులు సరుకు నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆసిడ్. పూర్ణా మార్కెట్‌లో కిరాణా హోల్‌సేల్ కొట్లలో కిలో లెక్కన అడగొచ్చు. లీటరు నీళ్లకి 50 గ్రాములు, అంటే బుల్లెట్ ట్యాంకుకి 725 గ్రాములు. గోరువెచ్చటి నీళ్లలో కలిపి మెడ దాకా నింపేస్తే తిప్పే బాధ లేదు, పైకప్పు కూడా మునుగుతుంది. సగం నింపి వదిలితే మాత్రం ద్రవం అంచున గోడ చుట్టూ గీత పడుతుంది, దానిపైన రేకు కొత్తగా తుప్పు పడుతుంది. ఆరు గంటలకి ఒకసారి చూడండి, 24 గంటలు దాటనివ్వొద్దు. నీళ్లు మొదట లేత ఆకుపచ్చకి, తర్వాత నల్లగా మారతాయి. తీసేశాక లీటరుకి రెండు చెంచాల చొప్పున వంట సోడా కలిపిన నీళ్లు పోసి, పొంగు ఆగేదాకా ఆడించాలి. ఫాస్ఫారిక్ ఆసిడ్‌కి ఈ సోడా కడుగుడు వద్దని కొన్ని కిట్లు చెబుతాయి, ఆ మాట వినండి. సోడా మిగిలితే లైనర్ అంటుకోదు.

పనితనంలో నిమ్మ ఉప్పు ఆసిడ్ సీసాకి దగ్గరగానే వస్తుంది. ఫాస్ఫేట్ పొర ఇవ్వకపోవడమే దాని లోటు. ఆ తేడా ఆరబెట్టేటప్పుడు తెలుస్తుంది.

బాత్‌రూము కడిగే ఆసిడ్ సలహా ఇచ్చేవాళ్లు ఆటోనగర్లోనూ తగులుతారు. అది తుప్పుని నిమిషాల్లో తినేస్తుంది, నిజమే. ఆ తర్వాత రేకునీ తింటుంది. అతుకు సందుల్లో మిగిలిన క్లోరైడ్ ఎన్నిసార్లు కడిగినా పూర్తిగా రాదు. సముద్రపు గాలి ఏళ్ల మీద చేసే పనిని మీరు ఒక పూటలో ట్యాంకు లోపల చేసినట్టవుతుంది.

పెచ్చులు మరీ మందంగా ఉంటే ఎలక్ట్రాలసిస్, అంటే నీళ్లలో కరెంటు పంపి తుప్పు వదిలించడం, అన్నిటికంటే మంచిది, అది కిట్టులో లేదు. నీళ్లలో బట్టల సోడా, నాలుగు లీటర్లకి పెద్ద చెంచాడు. ఉప్పు వద్దు, క్లోరిన్ పుడుతుంది. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు మైనస్ ట్యాంకుకి, ప్లస్ లోపల వేలాడే మామూలు ఇనప కడ్డీకి. ఉక్కు నగరంలో కడ్డీ ముక్కకి కరువేముంది! జింక్ పూత ఉన్నది గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడొద్దు. స్టెయిన్‌లెస్ నుంచి విషపు క్రోమియం నీళ్లలోకి దిగుతుంది. కడ్డీ ట్యాంకుకి ఎక్కడా తగలకుండా మెడ దగ్గర చెక్క బిరడా పెట్టండి. కరెంటు కడ్డీకి ఎదురుగా ఉన్న గోడ మీదే బాగా పనిచేస్తుంది కాబట్టి సొరంగం అవతలి డొక్క అలాగే ఉండిపోతుంది. కడ్డీని వంచి ఒక రాత్రి ఒక వైపు, మర్నాడు రెండో వైపు పెట్టాలి. కొత్త తరహా స్మార్ట్ చార్జర్లు ఎదుట బ్యాటరీ కనిపించకపోతే కరెంటే ఇవ్వవు, పాతకాలం బరువైన ట్రాన్స్‌ఫార్మర్ చార్జరు వెతుక్కోండి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యాలి, దరిదాపుల్లో బీడీ కూడా వెలగకూడదు. వైర్లు పీకేముందు చార్జరు స్విచ్ ఆపండి, లేకపోతే నిప్పురవ్వ సరిగ్గా గ్యాసు ఉన్న చోటే పుడుతుంది.

ఇక ఆరబెట్టడం. ఈ పని మొత్తంలో విశాఖ మనల్ని ఓడించేది ఇక్కడే, కిట్టు పుస్తకం రెండు వాక్యాల్లో దాటేసేదీ ఇదే. తుప్పు పోయిన ఇనుము ఒంటి మీద చొక్కా లేనట్టు ఉంటుంది. ఆగస్టులో ఆఖరి నీళ్లు ఒంపి టీ తాగి వచ్చేసరికి లోపల నారింజ రంగు ఆవిరి పట్టినట్టు పలచటి తుప్పు తేలిపోతుంది. నిమ్మ ఉప్పు వాడిన ట్యాంకుకి పది నిమిషాలు చాలు, ఫాస్ఫేట్ ఉంటే కాస్త ఓపిక పడుతుంది. అందుకని కావలసినవన్నీ పక్కన పెట్టుకున్నాకే ఆఖరి కడుగుడు మొదలుపెట్టాలి. ఆ నీళ్లు మరిగేంత వేడిగా ఉండాలి, అప్పుడు రేకు వేడెక్కి తనంత తాను ఆరుతుంది. ఒంపగానే వ్యాక్యూమ్ క్లీనరు ఊదే వైపు గొట్టం గానీ హెయిర్ డ్రయ్యరు గానీ మెడలో పెట్టి, ట్యాప్ రంధ్రం తెరిచి, ఇరవై నిమిషాలు వదలండి. అతుకు సందులో దాగిన నీళ్లకి చివర్లో అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి ఆడించి ఒంపేయండి. ఇక్కడ వరస తప్పకూడదు: వేడిగాలి ముందు, ఆల్కహాల్ తర్వాత. ఆల్కహాల్ పోశాక హెయిర్ డ్రయ్యరు పెడితే లోపలి ఆవిరి అంటుకుంటుంది. దాన్ని ఎండా, మామూలు గాలీ ఆరబెట్టాలి.

జనవరి, ఫిబ్రవరి ఈ పనికి అనువైన నెలలు. ఏ నెలైనా పొద్దున్నే మొదలుపెట్టి, ఆరబెట్టే ఘట్టం మిట్టమధ్యాహ్నానికి వచ్చేలా చూసుకోండి. సాయంత్రం చల్లబడి గాలిలో తేమ పెరిగాక ట్యాంకు కడగడం కొరివితో తల గోక్కోవడమే. లైనర్ వెయ్యనివాళ్లు ఆరగానే 100 ఎంఎల్ టూ స్ట్రోక్ ఆయిల్‌ని లీటరు పెట్రోల్లో కలిపి గోడలన్నీ తడిసేలా తిప్పి, అదే రోజు బండికి ఎక్కించి ఫుల్ ట్యాంకు కొట్టించాలి. ట్యాంకు నిండుగా ఉంటే తేమ చేరే చోటే ఉండదు.

వాడిన ఆసిడ్‌ని వీధి గెడ్డలోకి ఒంపకండి. బకెట్లో సోడా వేసి పొంగు ఆగేదాకా విరిచి, అడుగున దిగిన మట్టిని వేరుగా కట్టెయ్యండి.

మూడో సీసా దగ్గరికి వద్దాం. ఇది పనికొచ్చే సందర్భాలు రెండే. అడుగు రేకు గుంటలు గుంటలుగా తినేసినా గట్టిగానే ఉండటం ఒకటి, బెజ్జాలకి టంకం వేయించాక లోపలి నుంచి భద్రం కోసం రెండోది. లైనర్ ఒక్కదానితోనే బెజ్జం మూయడం నిలవదు. బెజ్జం చుట్టూ రేకు పలచబడే ఉంటుంది, అది ఇంకా తింటూనే పోతుంది. ఆ పనికి రేడియేటర్ షాపు మేస్త్రీ సరైనవాడు. ట్యాంకుని ఎలా కడగాలో, నీళ్లు నింపి ఎంత ఖాళీ ఉంచి కాల్చాలో వాళ్లకి చేతి అలవాటు. పెట్రోలు వాసనున్న ట్యాంకుకి ఇంట్లో వెల్డింగు పెట్టడం మాత్రం ప్రాణాంతకం.

ఒక చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. టంకం వేసిన ట్యాంకుని పౌడర్ కోటింగ్‌కి పంపకూడదు. ఆ పొయ్యి 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కుతుంది, మామూలు తగరం సీసం టంకం 183 దగ్గరే కరగడం మొదలెడుతుంది. బెజ్జాలు మళ్లీ తెరుచుకుని, వాటిమీద అందమైన రంగు మిగులుతుంది. ఎపాక్సీ లైనర్ కూడా ఆ వేడికి ఓర్వదు. ట్యాంకుకి స్ప్రే పెయింటే వేయించండి. వరస ఇలా ఉండాలి: టింకరింగ్, టంకం, తుప్పు, లైనర్, చివరికి రంగు.

లైనర్ కొనేటప్పుడు ఇథనాల్‌ని తట్టుకుంటుందని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి. నోవోలాక్ ఎపాక్సీ రకం తట్టుకుంటుంది. పాతకాలం తెల్లటి, ఒకే సీసా పూతలు ఇథనాల్‌కి మెత్తబడి పొరలుగా లేస్తాయి. రెండు భాగాలూ కలిపాక పని చేసుకునే వ్యవధి 25 డిగ్రీల దగ్గర అరగంట అని రాసి ఉంటే, మన 34 డిగ్రీల మధ్యాహ్నం అందులో సగమే అనుకోండి. మగ్గులో ముద్దగా ఉంచితే తన వేడికి తానే గడ్డకడుతుంది, కలపగానే ట్యాంకులో పోసెయ్యాలి. ట్యాప్ మరలకీ మూత అంచుకీ ముందే వ్యాసలిన్ పట్టించండి. నిదానంగా అన్ని వైపులకీ తిప్పి, మిగిలినదంతా ట్యాప్ రంధ్రం గుండా కారిపోనివ్వాలి. అసలు తప్పు జరిగేది ఇక్కడే. డబ్బు పెట్టి కొన్నాం కదా అని ఒంపకుండా ఉంచేస్తే అడుగు మూల మందపాటి మడుగు కడుతుంది, లోపల పూర్తిగా ఆరదు, ముందుగా ఊడేది అదే. కారడం ఆగాక రంధ్రంలో జూస్ స్ట్రా ముక్క పెట్టి తిప్పుతూ ఉంటే దారి మూసుకుపోదు. తర్వాత నాలుగు రోజులు పెట్రోలు వాసన కూడా చూపించొద్దు, వానాకాలంలో వారం. లోపల చెమ్మ ఉండగా పోస్తే పైకి గట్టిపడినట్టే ఉంటుంది, కింద రేకుకి అంటుకోదు. ఊడిపోయిన లైనర్‌ని తియ్యాలంటే మిథిలీన్ క్లోరైడ్ స్ట్రిప్పర్, గ్లోవ్స్, బోలెడంత గాలి, రెండు మూడు రోజుల చాకిరీ. ఆ పని తలుచుకుంటే మూడో సీసా మూత తీసే చెయ్యి దానంతటదే ఆగుతుంది.

కిట్టు మీద చిన్న ఫిర్యాదులు: సూచనలు ఇంగ్లిష్‌లోనే, అదీ చీమ తలకాయంత అక్షరాల్లో. గ్లోవ్స్ ఇస్తే ఒక జతే, ఒక్క చిరుగుతో సరి. ట్యాప్ రంధ్రం మూసే బిరడాలు ఉండవు. రబ్బరు బిరడా దొరకకపోతే సైకిల్ ట్యూబు ముక్క, వాషరు, బోల్టుతో చేసుకోవచ్చు. రంగు ఉంచుకునే ట్యాంకైతే మెడ చుట్టూ గ్రీజు రాసి పాలిథీన్ కట్టాలి, ఆసిడ్ చుక్క పడితే పాత ఎనామెల్ మచ్చ పోదు.

బండికి ఎక్కించేటప్పుడు పాత ట్యాప్ వాషర్లు, పసుపు పచ్చగా గట్టిపడ్డ పెట్రోలు పైపు మార్చెయ్యండి. పాత రబ్బరు ఇథనాల్‌కి ఉబ్బుతుంది. ఫిల్టరు పెడితే జాలీ రకమే. ట్యాంకు నుంచి పెట్రోలు తన బరువుతోనే దిగాలి కాబట్టి కాగితం ఫిల్టరు కొన్ని బళ్లలో దారిని బిగించేస్తుంది. వంద కిలోమీటర్లు తిరిగాక కార్బొరేటర్ కింది గిన్నె విప్పి, అందులో మిగిలింది తెల్ల గుడ్డ మీద ఒంపండి. గోధుమ పొడి కాస్త కనిపిస్తే పర్వాలేదు, ఇంకో వంద తర్వాత మళ్లీ చూడండి. నీటి బొట్టు ముత్యంలా దొర్లితే మూత రబ్బరు చూడాలి. గోరుతో నొక్కితే సాగే పారదర్శకమైన పొర ముక్క కనిపిస్తే లైనర్ లేస్తోంది. కార్బొరేటర్లో సన్న రంధ్రమున్న పైలట్ జెట్ మూసుకుపోకముందే ట్యాంకు దించెయ్యండి.